అలమారా ఖాళీ చేసిన వెంకాయమ్మ

వెంకాయమ్మ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టేనాటికి ఆమె పెద్దకూతురు పెళ్ళై పెదపారుపూడిలో కాపురం చేసుకుంటోంది. వెంకాయమ్మ జుట్టు చెవుల దగ్గర నెరిసింది. ఊడ్పుల కాలంలో ఆడకూలీల ముఠాని వెంటబెట్టుకుని చేలకి వెళ్ళడం, కోతలయ్యాక గేదెని మేపుకుని పాలు పోసుకోవడం, ఆదివారం పేటలో గుడికి వెళ్ళడం, ఇదీ ఆమె బతుకు. భర్త పున్నయ్య మాట తక్కువ మనిషి. ఆమె గురించి జనం చెప్పుకునేది ఒకటే ఉండేది: ఎక్కడైనా కథ వినపడితే చాలు, నెత్తిమీద గడ్డిమోపు దించకుండానే నిలబడిపోతుందని.

మా ఊరు బంటుమిల్లికి దగ్గర. కాలవకి ఇవతల ఊరు, అవతల పేట, మధ్యన తాటిదుంగల వంతెన. మా నాన్న ఊరిబడిలో మేష్టారు. నేను చెప్పబోయేవాటిలో కొన్ని మా అమ్మ బాలాత్రిపురసుందరి కళ్ళారా చూసినవి. మిగతావి వెంకాయమ్మే మా అరుగుమీద కూర్చుని చెప్పినవి.

చదువుకోవాలన్న కోరిక ఆమెకి గుడిలోనే పుట్టింది. పాస్టరు గారు కథ బాగా చెప్పేవారు. అయితే అది మంచి పట్టులో పడగానే ఆపి, దాన్నిబట్టి మనం నేర్చుకోవలసిందేమిటో చెప్పడం మొదలుపెట్టేవారు. ఆ నీతి పూర్తయ్యేసరికి ప్రార్థన వేళయ్యేది. కథలో దారిలో ఉన్న మనిషి వారమంతా దారిలోనే ఉండిపోయేవాడు. వచ్చే ఆదివారం తెలుసుకుందామని వెళ్తే పాస్టరు గారు ఇంకో కథ ఎత్తుకునేవారు. చదువొస్తే ఎవరి దయా లేకుండా ఆఖరిదాకా తనే చూసుకోవచ్చు కదా అని వెంకాయమ్మ ఆలోచన.

ఆ రోజుల్లోనే బ్లాకు ఆఫీసు నుంచి అమ్మాజీ అనే గ్రామసేవిక వచ్చింది. బందరు పిల్ల. తండ్రి కోర్టులో గుమాస్తా. కొత్తగా ట్రైనింగు పూర్తిచేసుకుని, సైకిలు మీద ఊళ్ళు తిరిగేది. పేటలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఏం నేర్చుకుంటారని అడిగితే అందరూ కుట్టుపని అన్నారు. వెంకాయమ్మ ఒక్కతే చదువు అంది. అమ్మాజీ సంతోషించి, "వెంకాయమ్మ గారూ, ఇట్లా ముందుకి రండి" అంది. తన పేరు చివర 'గారు' వినడం ఆమెకి అదే మొదలు. ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసిందట.

మధ్యాహ్నం పూట గుడి వసారాలో పలకలు పట్టుకుని కూర్చునేవారు. కుట్టుపని అన్నవాళ్ళలో కూడా ఇద్దరు ముగ్గురు చేరారు గానీ, ఒత్తులు వచ్చేసరికి జారుకున్నారు. వెంకాయమ్మ మాత్రం పట్టు వదల్లేదు. గేదె వెనక నడుస్తూ కర్రతో బాటమీద గుణింతాలు రాసేది. కోతలయ్యేసరికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఎండలు ముదిరేనాటికి వేలు పెట్టకుండా చదివేస్తోంది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. చదవడం వచ్చింది గానీ చదవడానికి ఏమీ లేదు.

బ్లాకు ఆఫీసు పంపిన చిన్న పుస్తకాలు కొన్ని ఉన్నాయి. కంపోస్టు ఎరువు గురించి ఒకటి, పొగరాని పొయ్యి గురించి ఒకటి, పశువుల గాలికుంటు వ్యాధి గురించి ఒకటి. వెంకాయమ్మ అన్నీ చదివింది. గాలికుంటు పుస్తకం కాస్త నయమంది, అందులో ఒక ఆవైనా ఉంది కాబట్టి. తర్వాత అమ్మాజీని నిలదీసింది. "మనిషి ఉన్న పుస్తకం ఒకటి ఇప్పించండమ్మా."

అమ్మాజీ బందరు వెళ్ళినప్పుడల్లా వెతికి తేవడం మొదలుపెట్టింది. మొదట మహాపురుషుల జీవితాల పుస్తకం తెచ్చింది. వెంకాయమ్మ అది తిరిగిస్తూ, వాళ్ళందరూ పుట్టారు, చదువుకున్నారు, గొప్పవాళ్ళయ్యారు, పోయారు, మధ్యలో ఒక్కరికీ ఆకలెయ్యలేదు అంది. తర్వాత ఒక నవల. అందులో ఇల్లాలు భర్త పెట్టే బాధలన్నీ నోరు మెదపకుండా పడి, చివర అతన్ని క్షమించి కన్నుమూస్తుంది. ఆడవాళ్ళకి అప్పగింతల్లో బహుమతిగా ఇచ్చే పుస్తకం అది. వెంకాయమ్మ మూడొంతులు చదివి ఆపేసింది. తను ఆ ఇంటి పక్కనుంటే ఈపాటికి పెద్దమనుషుల్ని పిలిచి ఉండేదాన్నంది. ఆ తర్వాత తెచ్చిన జంతువుల కథలు మనవల్ని నిద్రపుచ్చడానికి బాగుంటాయని పక్కన పెట్టింది.

అమ్మాజీకి ఉక్రోషం వచ్చింది. ఇంత శ్రమపడి మంచి పుస్తకాలని ఏరి తెస్తుంటే ఈవిడకి ఏదీ నచ్చడం లేదు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేసింది.

"అసలు మీకు ఎట్లాంటి పుస్తకం కావాలండీ?"

వెంకాయమ్మ పలక పక్కన పెట్టింది. "నాకేం తెలుసమ్మా, ఇంతవరకూ చదివితే గదా. ఇంటికెళ్ళి తలుపేసుకుని మీరేం చదువుకుంటారు? అది ఇవ్వండి."

అమ్మాజీ మొహం ఎర్రబడింది. ఎందుకంటే ఆమె తలుపేసుకుని చదువుకునేది అపరాధ పరిశోధక నవలలు. ఇంట్లో తండ్రి వాటిని చెత్త అంటాడు. ట్రైనింగులో వాటి ఊసే ఉండదు. దిండు కింద అట్ట చిరిగిన నవల ఒకటి కాలేజీ రోజుల నుంచీ ఉంది. అది ఎన్నిసార్లు చదివిందో ఆమెకే తెలియదు. జమీందారు గారింట్లో రవ్వల హారం పోతుంది. అంట్లు తోమే మనిషి మీద అందరూ అనుమానం పడతారు. పోలీసులు, బంధువులు, వకీళ్ళు అందరూ వేలు చూపిస్తే, ఆ మనిషి, పనిచేసే ఇంట్లో తను రోజూ చూసే చిన్న చిన్న సంగతులు పట్టుకుని అసలు దొంగని తనే బయటపెడుతుంది. ఇన్నాళ్ళూ తను ఈమెకి ఏది మంచిదో అది తెచ్చిందే గానీ, తనకి ప్రాణమైంది ఒక్కటీ తేలేదని అమ్మాజీకి అప్పుడు తట్టింది. మర్నాడు ఆ నవల చీర చెంగులో దాచి తెచ్చి ఇచ్చింది.

ఆ పుస్తకం పట్టుకున్న వెంకాయమ్మ రెండు రోజులు ఎవరికీ అందలేదు. గేదె గట్టు దిగి ప్రెసిడెంటు సీతారామయ్య గారి జనప చేలో పడింది. పున్నయ్య వచ్చి చూస్తే ఆమె తుమ్మచెట్టు నీడన కూర్చుని, అంట్లు తోమే మనిషిని స్టేషనుకి తీసుకెళ్తున్నారని కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన గేదెని తోలుకొచ్చి, తనే గంజి కాచి, ఆమె పక్కన కూర్చుని, "అయితే దొంగెవరు?" అని అడిగాడు. వాళ్ళ కాపురంలో పున్నయ్య అంత కుతూహలంగా అడిగిన ప్రశ్న ఇంకోటి లేదని వెంకాయమ్మ అనేది.

ఊడ్పులు వచ్చాయి. వరుసగా వంగి నాట్లు వేస్తుంటే ఎప్పుడూ పాటలు పాడేవారు. ఆ ఏడు వెంకాయమ్మ కథ చెప్పింది. హారం పోయినచోట మొదలుపెట్టి, మడి తర్వాత మడిగా చెప్పుకుంటూ వచ్చింది. ఆమె గొంతు వినపడాలని అందరూ ఆమెకి దగ్గరగా జరిగేవారు. నాట్లు చకచకా పడేవి. హారం దొరికే ఘట్టానికి వచ్చాక వెంకాయమ్మ నడుము నిటారు చేసి, నారుకట్ట అందుకుని, చెప్పడం ఆపేసింది.

"మిగతాది పుస్తకంలో ఉంది. వచ్చి చదువుకోండి."

ఎంత బతిమాలినా చెప్పలేదు. ముఠాలో అందరూ తిట్టారు. ఆ తిట్టినవాళ్ళే ఒకరొకరుగా గుడి వసారాలోకి వచ్చి కూర్చున్నారు. అమ్మాజీకి పలకలు చాలక బందరు నుంచి తెప్పించవలసి వచ్చింది. ఒత్తుల దగ్గర జారుకున్నవాళ్ళు ఈసారి జారుకోలేదు. ఆ ఘట్టం చదవడానికి ఒత్తులు కావాలి మరి.

మా అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. అమ్మ గుడివాడలో పెరిగింది. పుట్టింటి పక్కనే లైబ్రరీ. పెళ్ళయి ఈ ఊరు వచ్చాక చదవడానికి కాగితం ముక్క లేదు. నాన్న తెచ్చే పేపరు కూడా పాతదే. మనసు బాగోక ఎప్పుడూ పెరట్లో ఒక్కతే కూర్చుని ఉండేది. ఒకరోజు పాలు పోయడానికి వచ్చిన వెంకాయమ్మ దడి అవతలే నిలబడి, పంతులమ్మ గారు చదువుకున్నోరు గదా, ఏం చదువుతుంటారని అడిగింది. ఏమీ లేదంది అమ్మ. వెంకాయమ్మ వెళ్ళిపోలేదు. ఈమధ్య గట్టిగా నవ్వింది ఎప్పుడని అడిగింది. అమ్మకి గుర్తు రాలేదు. "అయితే నా దగ్గరోటి ఉందండి. రేపు తెస్తాను" అని వెళ్ళింది.

తెచ్చింది ఒక హాస్య నవల. ఊళ్ళో ఏ పెళ్ళి తలపెట్టినా తనే పెద్దనని చేరి, ఆ పెళ్ళిని చెడగొట్టే ఒక మావయ్య కథ. అదీ అమ్మాజీ దిండు కిందదే. మర్నాడు నాన్న బడి నుంచి వచ్చేసరికి వంటింట్లోంచి పెద్దగా నవ్వు వినపడుతోందట. ఎవరొచ్చారోనని చూస్తే అమ్మ ఒక్కతే, పొయ్యి ముందు కూర్చుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతోంది. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అమ్మ దడి దగ్గర ఇవ్వలేదు. వెంకాయమ్మని లోపలికి పిలిచి అరుగుమీద కూర్చోమంది. కూర్చోవడానికి వెంకాయమ్మ, కూర్చోబెట్టడానికి అమ్మ, ఇద్దరూ కొంచెం తడబడ్డారు. తర్వాత ఆ మావయ్య గురించి మాటల్లో పడి ఆ సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఆ మరుసటి ఏడు జిల్లా గ్రంథాలయ సంస్థ మా ఊరికి పుస్తకాల శాఖ ఒకటి ఇచ్చింది. ఒక అలమారా, దాన్నిండా పుస్తకాలు. అమ్మాజీ బ్లాకు ఆఫీసు చుట్టూ తిరిగిన ఫలితం అది. పంచాయతీ ప్రెసిడెంటు సీతారామయ్య గారికి మాత్రం ఇష్టం లేదు. ఆయన చెడ్డవాడు కాదు, అన్నిటికీ భయపడే మనిషి. ఆడవాళ్ళు నవలలు పట్టుకుంటే ఇళ్ళల్లో పొయ్యి వెలగదన్నారు. పుస్తకాలు కాలవ దాటితే తిరిగిరావన్నారు. అమ్మాజీకి చూసుకోవలసిన ఊళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి అలమారా తాళం వెంకాయమ్మ చేతికిస్తానంటే అసలు ఒప్పుకోలేదు. చివరికి మా నాన్న మధ్యవర్తిగా ఉండి, అలమారా బడి వసారాలో పెట్టేట్టు, పైఅధికారి వచ్చి చూసి బాగోలేదంటే వెనక్కి పంపేసేట్టు ఒప్పించారు.

వెంకాయమ్మ తాళంచెవి తాళిబొట్టు పక్కన కట్టుకుంది. పొద్దున కూలికి వెళ్ళేముందు, సాయంత్రం వచ్చాక అలమారా తెరిచేది. పుస్తకం కావాలని వచ్చినవాళ్ళకి తీసి ఇచ్చేసేది కాదు. మాటల్లో పెట్టేది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా, చదవడానికి చోటు దొరుకుతుందా, చీకటి పడకముందు కాస్త తీరిక ఉంటుందా, అన్నీ కనుక్కునేది. పురిటికి వచ్చిన పిల్లకి చిన్న చిన్న కథలిచ్చింది, బిడ్డ ఏడ్చేలోపు ఒకటి పూర్తవుతుందని. కొడుకు పోయిన చాకలి వెంకమ్మకి ఏడుపు పుస్తకం ఇవ్వలేదు, నవ్వు పుస్తకమూ ఇవ్వలేదు. కాశీ దాకా నడిచివెళ్ళిన మనిషి యాత్రా కథ ఇచ్చి, కొంత దూరం ఆయనతో నడిచి చూడమంది. ఎవరైనా బాగోలేదని తిరిగిస్తే నొచ్చుకునేది కాదు. ఎక్కడ ఆపేశావని అడిగి, దాన్నిబట్టి ఇంకోటి తీసేది.

అధికారి ముందు చెప్పకుండా వచ్చారు. అనంతపద్మనాభం గారని, తలపాగా చుట్టుకున్న పొడుగాటి మనిషి. మా ఊరి మీదుగా వచ్చే బస్సు వేళ కాక, బంటుమిల్లిలో దిగి అద్దె సైకిలు మీద వచ్చారు. ఆరోజు అమ్మాజీ వేరే ఊళ్ళో ఉంది. సీతారామయ్య గారు చేలోకి కబురంపితే వెంకాయమ్మ బురద కాళ్ళతోనే వచ్చి తాళం తీసింది.

అలమారాలో కంపోస్టు పుస్తకం, పొగరాని పొయ్యి పుస్తకం, మహాపురుషులు ఉన్నారు. తక్కిన అరలన్నీ ఖాళీ.

సీతారామయ్య గారు తల పట్టుకున్నారు. తను ముందే చెప్పానని, పేటకి వెళ్ళినవి ఇక రావని అధికారికి చెప్పబోయారు. అనంతపద్మనాభం గారు చెయ్యెత్తి ఆపి వెంకాయమ్మ వైపు తిరిగారు.

"పుస్తకాలేవమ్మా?"

"ఇళ్ళల్లో ఉన్నాయండి. అలమారాలో ఉన్నాయంటే ఎవరికీ నచ్చలేదనండి. రండి చూపిస్తాను."

ముందు మా ఇంటికి తీసుకొచ్చింది. అమ్మ రుబ్బురోలు దగ్గర ఒక చేత్తో పిండి తోస్తూ ఒక చేత్తో పుస్తకం పట్టుకుని ఉంది. అక్కడి నుంచి చాకలివాళ్ళ వీధి. రేవునుంచి వచ్చిన వెంకమ్మ గోడకి ఆనుకుని కాశీయాత్రలో ఉంది. ఇంకా ప్రయాగ రాలేదని చెప్పింది. వంతెన మీద ఇద్దరు కోడళ్ళు నీళ్ళ బిందెలు పక్కన పెట్టి ఒకే పుస్తకంలోకి వంగి, ఒకరు పేజీ తిప్పబోతే ఇంకొకరు ఆపుతున్నారు. పేటలో పున్నయ్య గేదెకి గడ్డివేస్తూ ఒక చిన్నపిల్ల చేత కథ చదివించుకుంటున్నాడు. ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరలేదు. పుస్తకాలకి పసుపు మరకలు, నూనె మరకలు ఉన్నాయి గానీ ఒక్క కాగితం పోలేదు. చిరిగినచోట అన్నం మెతుకులతో అతికించి ఉంది.

తిరిగొస్తూ వెంకాయమ్మ సీతారామయ్య గారింటి ముందు ఆగింది. ఆయన ఇదేమిటన్నట్టు చూశారు. నడవలో ఆయన తల్లి నాంచారమ్మ గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆవిడకి కళ్ళు సరిగా ఆనవు. మంచం పక్కన పీట మీద పేటలోని దేవమ్మ, ఊడ్పుల ముఠా పిల్ల, లావుపాటి నవల ఒళ్ళో పెట్టుకుని పెద్దగా చదువుతోంది. సీతారామయ్య గారు పొద్దుటే రైసుమిల్లుకి వెళ్ళి ఎండ తగ్గాక వచ్చేవారు. ఇంట్లో ఇది నెలల నుంచీ జరుగుతోందని ఆయనకి తెలియనే తెలియదు. తొందరగా అయిపోని కథ కావాలని ఆవిడే వెంకాయమ్మకి కబురు పెట్టారట.

అడుగుల చప్పుడు విని దేవమ్మ ఆగింది. లేవబోయింది.

"ఆపకే. ఆ పిల్ల ఇప్పుడే గదా బోనెక్కింది" అన్నారు నాంచారమ్మ గారు. "ఎవరు వచ్చింది? సీతారామయ్యా, నువ్వేనా? ఎవరో గానీ కాస్త కూర్చోమను. ఈ పేజీ అవనీ."

అందరూ కూర్చున్నారు. అధికారి అరుగుమీద, సీతారామయ్య గారు గుమ్మంలో, వెంకాయమ్మ మెట్టుమీద. ఆ పేజీ అయింది, ఇంకో పేజీ కూడా అయింది. బోనెక్కిన పిల్ల కేసు గెలిచింది. నాంచారమ్మ గారు తృప్తిగా మంచం మీద వాలారు. సీతారామయ్య గారు గుమ్మంలోంచి లేచి, అధికారితో ఒకే మాట అన్నారు. "ఆ అలమారా మా ఊరికి చాలదండీ."

బయలుదేరబోతూ అనంతపద్మనాభం గారు బడి వసారాలో ఆగారు. కొంచెం మొహమాటపడుతూ, "నాకేమైనా ఇస్తావామ్మా? పుస్తకాలు లెక్కపెట్టడమే గానీ చదివి చాలా కాలమైంది" అన్నారు.

వెంకాయమ్మ ఆయన్ని పరకాయించి చూసింది. ఆఫీసు నుంచి ఇంటికెళ్ళాక ఏం చేస్తారని అడిగింది. పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తానన్నారాయన. ఆమె అక్కడే ఆగమని చెప్పి వంతెన దాటి వెళ్ళి, తన ఇంట్లో ఉన్న నవల తెచ్చింది. కృష్ణానది మధ్య లంకలో ఒంటరిగా నిమ్మతోట పెంచిన ముసలాయన కథ అది. వరద వచ్చి తోటంతా ఊడ్చుకుపోతే ఆయన ఒక్క అంటు పాతి మళ్ళీ మొదలుపెడతాడు.

"మొదట్లో నెమ్మదిగా ఉంటదండి. వరదొచ్చిందాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత మిమ్మల్నది వదలదు."

బస్సుకి ఇంకా వేళుందని ఆయన వసారాలోనే కూర్చుని తెరిచారు. బడి వదిలారు, పిల్లలు ఆయన చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు, ఆయన తలెత్తలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లోనే భోజనం చేసి పడుకున్నారు. పొద్దున కాఫీ తాగుతూ, ముసలాయన చెట్టు కాపుకొచ్చిందని మా అమ్మకి చెప్పారు. ఇంటివాళ్ళ శుభవార్త చెప్పినట్టే చెప్పారు.

ఆ ఏడే రెండో అలమారా మంజూరైంది. దాన్లోకి పుస్తకాలు ఎంపిక చేసే పని, చదువు నేర్చిన ఆడవాళ్ళతో అమ్మాజీ పెట్టిన మహిళా మండలికే అప్పగించారు. వెంకాయమ్మ, అమ్మాజీ కలిసి బందరు వెళ్ళారు. వెంకాయమ్మ ఉతికిన తెల్ల చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని బయలుదేరింది. పుస్తకాల షాపు గడప దాటి, పైకప్పుదాకా ఉన్న పుస్తకాలు చూసి, కింది అర నుంచి పై అర దాకా లెక్కపెట్టుకుందట. షాపాయన కొత్తగా వచ్చినవి ముందుంచితే, ఆమె ఒక్కోదాంట్లో మధ్య పేజీ ఒకటి తీసి, నిలబడే చదివి, కొన్ని ఇటు, కొన్ని అటు పెట్టింది. ఇది నాంచారమ్మ గారికి, ఇది పంతులమ్మ గారికి, ఇది దేవమ్మకి అని అమ్మాజీకి చెబుతుంటే షాపాయన కుర్చీ తెచ్చి వేశాడు. అమ్మాజీ తన కోసం ఒక అపరాధ పరిశోధక నవల ఏరుకుని, ఈసారి చెంగులో దాచకుండా పైనే పెట్టుకుంది.

పుస్తకాల పెట్టె బస్సు మీద వేస్తానన్నాడు కండక్టరు. వెంకాయమ్మ ఒప్పుకోలేదు. లోపలే తన కాళ్ళ దగ్గర పెట్టించుకుంది. పెడన దాటేసరికి పక్కన కూర్చున్న గాజులామె పెట్టెలో ఏముందని అడిగింది. వెంకాయమ్మ మూత తీసింది. ముందు సీట్లోని గుమాస్తా గారు వెనక్కి తిరిగారు. ఆయనకి ఒకటి చూపించి అందులో సంగతి చెప్పింది. వెనక నిలబడ్డ నేతపనివాడు తనకీ ఒకటి చెప్పమన్నాడు. ఇంట్లో పెళ్ళి పనుల్లో ఉన్న ఒకావిడకి ఆ పెళ్ళిళ్ళు చెడగొట్టే మావయ్య పుస్తకం పేరు చెప్పి, పెళ్ళి అయ్యాకే చదవమంది. బస్సంతా నవ్వింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి వింటున్నాడు. డ్రైవరు, నాకూ వినపడేట్టు చెప్పమ్మా అన్నాడు.

మా ఊరి దగ్గర బస్సు ఆగేసరికి కాలవ గట్టుమీద ఊరివాళ్ళు, పేటవాళ్ళు కలిసే నిలబడి ఉన్నారు. పెట్టె దించడానికి ఒకేసారి చాలా చేతులు లోపలికి వచ్చాయి.